మరక

ఆటు వేళకు ఇక్కడ సముద్రం
మైలు దూరం వెనక్కి పోతుంది.
వెస్టన్ సూపర్ మేర్ అంటే సముద్రం మీది వెస్టన్ అట.
మంగళవారం ఉదయాల్లో మాత్రం
బురద మీది వెస్టన్.

మంగళవారాలే నా వంతు.
గుడ్డముక్క, కిరసనాయిలు డబ్బా, నిచ్చెన.
హెలికాప్టర్ల మ్యూజియంలో, మూడో వరసలో అది.
ఇటువైపు వాళ్ళు పెట్టిన పేరుకు అర్థం ఆడ లేడి,
నడిపిన రష్యావాళ్ళు పిలుచుకున్నది మొసలి.
పఠాన్‌కోట్‌లో దాని తోబుట్టువుల కింద
పదకొండేళ్ళు వెల్లకిలా పడుకున్నవాణ్ణి,
నాకు అది పొట్ట.
పొట్టే. తక్కినదంతా పైలట్లది.

బెరిల్ హకర్ వచ్చింది, ఎనభై దాటిన మనిషి,
చేతిలో టేపు, చంకలో అట్ట ఊడిన నోటుబుక్కు.
సింహాద్రి అంటే "సిమ్" దగ్గరే ఆగిపోయి,
రెక్క కిందికి వంగి చూసి,
"ఓహో, నీకు కాళ్ళున్నాయే" అంది
దానితో.

డెబ్బైల్లో ఆమె ఉద్యోగం
ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో నీడలు కొలవడం.
తూర్పు జర్మనీ సిమెంటు మీద
భూతద్దం కింద అగ్గిపుల్లంత యంత్రం.
ఎప్పుడూ నడినెత్తి నుంచే చూసింది,
దేవుడిలాగా, లేదా గద్దలాగా.
జీతం మాత్రం గుమాస్తాది.

"మొదట దీని ముందు ఒకటే అద్దాల గది,
టమాటాలు పెంచే గాజుగదిలా, పలకలు పలకలుగా.
తోక పంకా కుడివైపు.
ఒక వసంతంలో చూస్తే ఎడమకు మారింది.
చీటీ రాసి పంపితే పైఅధికారి
'గమనించాం' అని రాశాడు,
నాకంటే ముందే చూసినట్టు.
తర్వాత ఆ గది చీలి రెండు బుడగలైంది,
ముందు బుడగలో తుపాకివాడు,
వెనక, మెట్టు ఎత్తున, నడిపేవాడు.
అప్పుడనుకున్నా, అక్కడ ఎవరో
నిద్ర మానుకుని గీస్తున్నారు, చెరుపుతున్నారు,
నాలాగే, మొద్దుబారిన పెన్సిలుతో."

ఆ తర్వాత ఇంజన్ల నోటికి
ఇసుక మింగకుండా బుట్టలు బిగించారు,
నూర్పిడి ఎద్దుల మూతికి చిక్కం కట్టినట్టు, అన్నాను.
చిక్కం అంటే ఏమిటో చెప్పడానికి
పావుగంట పట్టింది.

"నూనె మరక కోసం వెతికేవాళ్ళం" అంది.
"కింద మరకుంటే అది ఎగురుతున్నట్టు.
లేకపోతే బొమ్మ."
నవ్వొచ్చింది.
ఆ మరక తుడవడానికే కదా
మా సర్కారు నాకు జీతమిచ్చింది.

ఇద్దరం టేపు పట్టుకున్నాం,
ఇరుసు నుంచి పంకా రెక్క కొస దాకా.
రెండోసారీ అదే.
ఆమె పాత లెక్కకు జానెడున్నర తక్కువ.

మడత కుర్చీలో కూలబడి చాలాసేపు మాట్లాడలేదు.
"ఫోటోలో ఒక మనిషున్నాడు" అంది.
"రెక్క నీడలోంచి బయటికి జరిగి
కాళ్ళు బారజాపి పడుకున్నాడు, ఎండ కోసమో ఏమో.
ఏదో ఒక కొలబద్ద కావాలి కదా.
ఐదడుగుల ఎనిమిదంగుళాలు అనుకున్నా అతన్ని.
అతని మీదే మిగతాదంతా కట్టాను,
రెక్కలు, తోక, పద్దెనిమిది పేజీల నివేదిక."

పెన్సిలు తీసింది. భాగించింది.
"ఐదడుగుల ఐదు."
"పాపం, పొట్టివాడే.
యాభై ఏళ్ళు సాగదీసి ఉంచాను."

నా ఎత్తూ అంతే. చెప్పలేదు.
టేపు ఆమె ఒళ్ళో పెట్టి,
చల్లటి గచ్చు మీద, పాత అలవాటున,
రెక్క అంచున వెల్లకిలా పడుకున్నాను.
ఆమె కర్ర ఊతంతో ఇనప మెట్లెక్కి
గ్యాలరీ కమ్మీ పట్టుకుని
ఒక కన్ను మూసింది.

బయట సముద్రం తిరిగొస్తున్న చప్పుడు.
నూనె తోడేసి ఎన్నేళ్ళయిందో దీనికి.
అయినా ఏ గొట్టం మలుపులో దాచుకుందో,
చుక్క ఒకటి
నా చెవి పక్కన గచ్చు మీద పడింది.

పైన, నోటుబుక్కు తెరిచిన చప్పుడు.